కనిపెట్టి ఉండే వైద్యం: పిల్లల ప్లీహానికి గాయమైతే

మనిషి పొట్టలో ఎడమవైపు, కింది పక్కటెముకల చాటున, జీర్ణాశయానికి వెనకగా ఒదిగి, ఎవరి పిడికిలంత వారికి ఉండే మెత్తని అవయవం ప్లీహం. పెద్దవారిలో దాని బరువు దాదాపు 150 గ్రాములే అయినా, గుండె నిమిషనిమిషానికీ బయటికి పంపే రక్తంలో ఇంచుమించు 5 శాతం దాని గుండానే ప్రవహిస్తుంది కనుక, అది ఎప్పుడూ రక్తంతో నానిన స్పాంజిలా ఉంటుంది; చిన్న చీలిక పడినా అందులోంచి నెత్తురు కారడం మొదలవుతుంది. కాలం చెల్లిన ఎర్ర రక్తకణాలను ఏరివేయడం, రక్తంలోకి చొరబడిన సూక్ష్మక్రిములను పట్టుకోవడం, వాటిని ఎదిరించే ప్రతిరక్షకాలను, అంటే రోగనిరోధక పదార్థాలను, తయారు చేయడం దాని పనులు. మలేరియా మాటిమాటికీ సోకే పల్లెల్లో జ్వరాలతో ఉబ్బిన ప్లీహాన్ని బల్ల అంటారు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచున, గోదావరికి ఇరువైపులా ఉన్న గూడేల్లో పిల్లల వైద్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ అవయవాన్ని పక్కన పెట్టడం కుదరదు.

పొట్టకు బలమైన దెబ్బ తగిలినప్పుడు పిల్లల్లో ఎక్కువగా గాయపడేవి ప్లీహం, కాలేయం. పెద్దవారికి గట్టి పక్కటెముకలు కొంత కవచంగా పనిచేస్తాయి. పిల్లల పక్కటెముకలు లేతగా ఉండి విరగకుండా లోపలికి వంగుతాయి కాబట్టి, ఒక్క ఎముక కూడా విరగకుండా, చర్మంపై గీత కూడా పడకుండా, లోపల ప్లీహం చీలిపోవడం సాధ్యమే. సైకిల్ మీంచి పడినప్పుడు హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకుంటే రూపాయి బిళ్లంత గుండ్రటి కమిలిన మచ్చ మాత్రమే పైకి కనిపిస్తుంది. దాని వెనక ప్లీహమో, క్లోమమో, పేగో దెబ్బతిని ఉండవచ్చు. ఈ ప్రాంతంలో అలాంటి దెబ్బలు తగిలే సందర్భాలకు కొదవ లేదు. ఇప్ప, చింత, మామిడి చెట్లెక్కి పడటం, పశువులు కుమ్మడం, ట్రాక్టరు ట్రాలీలోంచి జారిపడటం, కిక్కిరిసిన ఆటో బోల్తా పడటం, మణుగూరు, సత్తుపల్లి బొగ్గు గనుల టిప్పర్లు తిరిగే రోడ్ల మీద జరిగే ప్రమాదాలు, ఇవన్నీ పిల్లల పొట్టకు గాయం తెచ్చేవే. తునికాకు కోతకు పెద్దవాళ్లు తెల్లవారకముందే అడవికి వెళ్లే ఎండాకాలంలో, బడులకు సెలవులిచ్చి పిల్లలు చెట్ల మీదా చేల గట్ల మీదా గడిపే రోజుల్లో, ఈ ముప్పు సహజంగానే ఎక్కువ.

ఒక్క ప్లీహానికే గాయమై, రక్తప్రసరణ నిలకడగా ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. ఈ నిర్ణయానికి రావడానికి వైద్యులకు ముప్పావు శతాబ్దానికి పైగా పట్టింది. 19వ శతాబ్దం చివర, 1892లో, అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో ఒట్టో రీగ్నర్ అనే శస్త్రవైద్యుడు ఎత్తునుంచి పడిన 14 ఏళ్ల బాలుడి పగిలిన ప్లీహాన్ని తీసివేసి బతికించిన తరువాత, ప్లీహం పగిలితే తీసివేయడమే దారి అన్న నమ్మకం ప్రపంచమంతటా స్థిరపడింది. నోబెల్ బహుమతి పొందిన తొలి శస్త్రవైద్యుడు థియోడర్ కోహర్ కూడా దాన్ని తీసివేస్తే మనిషికి హాని ఏమీ ఉండదనే రాశాడు. రక్తమార్పిడి, యాంటీబయాటిక్ మందులు లేని ఆ రోజుల్లో పొట్టలో నెత్తురు కారుతున్న పిల్లవాడిని చూస్తూ కూర్చోవడం కంటే కోసి తీసివేయడమే మేలనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ ప్లీహం అక్కరలేని అవయవమన్న ఊహ మాత్రం పరీక్షకు నిలవలేదు.

1952లో అమెరికా వైద్యులు కింగ్, షూమేకర్ ఒక వ్యాసం ప్రచురించారు. పుట్టుకతో వచ్చే ఒక రక్తవ్యాధికి ప్లీహం తీసివేయించుకున్న అయిదుగురు పసిపిల్లలకు ఆ తరువాత తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు సోకాయన్నది అందులోని విషయం. ప్లీహం లేని శరీరం కొన్ని రకాల బ్యాక్టీరియాను, ముఖ్యంగా చుట్టూ జిగురు పొర కప్పుకుని ఉండే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజా బి అనే మూడింటిని, సమయానికి పట్టుకోలేకపోతుందని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. ఉదయం మామూలు జ్వరంలా మొదలై సాయంత్రానికి ప్రాణం మీదికి తెచ్చే ఈ ఇన్‌ఫెక్షన్ అరుదైనదే. వచ్చిందంటే సగం మందిని బలి తీసుకునేంత తీవ్రమైనది, అయిదేళ్లలోపు పిల్లలకూ, ప్లీహం తీసిన తొలి రెండు మూడేళ్లలోనూ మరింత ప్రమాదకరమైనది, పైగా జీవితాంతం పొంచి ఉండేది.

ఇంచుమించు అదే కాలంలో కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రి శస్త్రవైద్యులు వేరే దారి పట్టారు. పొట్ట కోసి చూసిన చాలామంది పిల్లల్లో ప్లీహం నుంచి కారుతున్న రక్తం అప్పటికే గడ్డకట్టి ఆగిపోయి ఉండటాన్ని వారు గమనించి, నిలకడగా ఉన్న పిల్లలను ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి ఉండటం 1940ల చివర్లోనే మొదలుపెట్టారు. ఈ అనుభవాన్ని జె.ఎస్. సింప్సన్‌తో కలిసి 1968లో వైద్యలోకం ముందు ఉంచినవాడు భారతీయుడు, పురుషోత్తమ్ ఉపాధ్యాయ. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పిల్లల శస్త్రచికిత్సకు పునాది వేసినవారిలో ఒకరైన ఆయన పేరు, తలలో నీరు చేరిన పిల్లలకు అమర్చే చవకైన దేశీయ షంట్ వల్ల మన వైద్యులకు బాగా పరిచితం. కోతుల ప్లీహాలకు కావాలని గాయాలు చేసి, అవి ఎలా మానతాయో పరిశీలించిన ప్రయోగాలను కూడా ఆయన బృందం అదే సంవత్సరం ప్రచురించింది. కొత్త వైద్యాలన్నీ పడమటి దేశాలనుంచి అరువు తెచ్చుకున్నవే అనే అలవాటు మాట మనలో ఎక్కువ కాబట్టి ఈ సంగతి కొంచెం గట్టిగానే చెప్పుకోవాలి: ప్రపంచంలోని పిల్లల ఆసుపత్రులన్నీ నేడు పాటిస్తున్న ఈ పద్ధతికి తొలి ఆధారాలు సమకూర్చినవారిలో ఒక భారతీయ వైద్యుడు ఉన్నాడు. అయితే ఆనాటి శస్త్రవైద్యులు ఈ మాటను వెంటనే ఒప్పుకోలేదు. 1980లలో సీటీ స్కాన్ వచ్చి, పొట్ట కోయకుండానే గాయాన్ని కళ్లారా చూడగలిగిన తరువాతే ఈ పద్ధతికి విస్తృతమైన ఆమోదం దొరికింది.

పిల్లల ప్లీహం తనంతట తాను రక్తస్రావాన్ని ఎందుకు ఆపుకోగలుగుతుంది అన్న ప్రశ్నకు వైద్యులు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. పిల్లల్లో ప్లీహాన్ని కప్పి ఉండే పొర, అవయవం పరిమాణంతో పోల్చితే మందంగా, సాగే గుణం ఎక్కువగా ఉంటుంది. రక్తనాళాలు లేతగా ఉండి, తెగిన చోట చటుక్కున ముడుచుకుంటాయి. చీలికలు చాలావరకు లోపలి రక్తనాళాల వరుసకు సమాంతరంగా, అడ్డంగా పడతాయి కాబట్టి పెద్ద నాళాలు తెగకుండా మిగిలిపోతాయి. ఇవన్నీ కలిసి మొదటి కొన్ని గంటల్లోనే నెత్తురు గడ్డకట్టేలా చేస్తాయి. ఆ గడ్డ నిలిచి, గాయం అతుక్కుని, మచ్చగా మారడానికి మాత్రం వారాలు పడుతుంది.

భద్రాచలం అడవి అంచుకు వచ్చేసరికి ఈ శాస్త్రానికి ఇంకొక లెక్క జతపడుతుంది, అది మలేరియా. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇదే తెలంగాణ నేల మీద, సికింద్రాబాద్‌లో. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1840లలో, ఉత్తర భారతంలో యమునా కాలువల వెంట ఉన్న ఊళ్లలో డెంప్‌స్టర్ అనే వైద్యుడు, ఎంతమందికి ప్లీహం ఉబ్బి ఉందో చేత్తో తడిమి లెక్కపెట్టి ఆ ఊళ్లో మలేరియా తీవ్రతను అంచనా వేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్లీహ సూచిక అనే పేరుతో పిల్లల్లో చూసే ఆ కొలత ఆ తరువాత ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఉబ్బిన ప్లీహం పక్కటెముకల చాటు దాటి కిందికి దిగుతుంది, పై పొర సాగి పలచబడుతుంది, మామూలు ప్లీహం తట్టుకోగల దెబ్బకు కూడా పగులుతుంది. వలస పాలన కాలంలో దొరల చేతి దెబ్బకు పనివాళ్లు చనిపోయిన కేసుల్లో ఈ ఉబ్బిన ప్లీహమే ముద్దాయిలకు సాకుగా పనికివచ్చింది. 1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు కొట్టడంతో ప్లీహం పగిలి అతని గుర్రపు కాపరి చనిపోతే, న్యాయస్థానం విధించిన శిక్ష 30 రూపాయల జరిమానా. ఆ తీర్పును వైస్రాయి లిట్టన్ స్వయంగా తప్పుపట్టాడు. చచ్చినవాడి ప్లీహంలోని జబ్బు చంపినవాడి చేతిని కడిగేసిన ఆ వాదన వైద్యపరంగా సగం నిజమే కావడం దానిలోని దుర్మార్గాన్ని తగ్గించదు.

మలేరియా ఉన్నచోట ప్లీహం త్వరగా పగులుతుంది, అలాగని దాన్ని పోగొట్టుకుంటే నష్టమూ అక్కడే ఎక్కువ. మలేరియా క్రిములున్న ఎర్ర కణాలను రక్తంలోంచి ఏరివేయడంలో ప్లీహానిది ప్రధాన పాత్ర కాబట్టి, అది లేని మనిషిలో మలేరియా తీవ్రంగా రావచ్చు, మందు వేశాక కూడా క్రిముల అవశేషాలు రక్తంలో ఎక్కువ రోజులు కనిపించవచ్చు. హైదరాబాద్ నగరంలో పెరిగే పిల్లవాడికి ప్లీహం ఎంత అవసరమో, చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో దోమతెరలోనో, అదీ లేకుండానో పడుకునే పిల్లవాడికి అంతకంటే ఎక్కువ అవసరం. ప్లీహాన్ని కాపాడే వైద్యం పెద్ద నగరాల్లో మాత్రమే అందుబాటులో ఉండటంలోని వైపరీత్యం ఇక్కడే ఉంది.

గాయం ఎంత లోతైనదో చెప్పడానికి వైద్యులు 1 నుంచి 5 వరకు గ్రేడ్లు వాడతారు. ప్లీహం ఉపరితలంలో పదో వంతు కంటే తక్కువ చోట పొర కింద నెత్తురు చేరినా, ఒక సెంటీమీటరు లోతుకు మించని చీలిక పడినా అది మొదటి గ్రేడు. మూడు సెంటీమీటర్లు దాటిన చీలిక మూడవది. అవయవం ముక్కలై ఛిద్రమైపోతే అయిదవది. 2000 సంవత్సరంలో అమెరికా పిల్లల శస్త్రవైద్యుల సంఘం ఈ గ్రేడును బట్టి ఆసుపత్రిలో ఎన్ని రోజులుంచాలో, ఎన్ని వారాలు ఆటలు మానాలో సూచించింది. తరువాతి కాలంలో వైద్యుల చూపు గ్రేడు మీదనుంచి పిల్లవాడి స్థితి మీదికి మళ్లింది: నాలుగో గ్రేడు గాయమున్నా నాడి, రక్తపోటు నిలకడగా ఉన్న పిల్లవాడికి ఆపరేషన్ అక్కరలేకపోవచ్చు, అంతకంటే చిన్న గాయంతో వచ్చి రక్తం ఎక్కించినా నిలదొక్కుకోని పిల్లవాడికి ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఆసుపత్రిలో పడకపై ఉంచే కాలం కూడా తగ్గింది. చిన్న గాయాలకు ఒక రాత్రి, పెద్ద గాయాలకు రెండు రాత్రుల విశ్రాంతి చాలునని కాన్సస్ సిటీ పిల్లల ఆసుపత్రి వైద్యులు అనుభవంతో చూపించారు.

కనిపెట్టి ఉండటం అంటే ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే పడక పక్కన కూర్చున్న తల్లికి అది ఏమీ చేయకపోవడంలాగే కనిపిస్తుంది. పిల్లవాడి చేతికి రెండు సెలైన్ సూదులు పెడతారు, రక్తం గ్రూపు చూసి సరిపడే రక్తాన్ని సిద్ధంగా ఉంచుతారు. మొదట అల్ట్రాసౌండ్‌తో పొట్టలో నెత్తురు చేరిందేమో చూస్తారు. పిల్లవాడి పరిస్థితి నిలకడగా ఉంటే, నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌తో చీలిక లోతు, ఇతర అవయవాల గాయాలు తెలుసుకుంటారు. ఆ తరువాత మంచం కాళ్ల వైపు వేలాడే కాగితం మీద గంటగంటకూ నాడి, శ్వాస, రక్తపోటు, మూత్రం ఎంత వచ్చిందీ రాస్తారు. కొన్ని గంటలకొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. ఒకే వైద్యుడు, ఒకే చేత్తో, మళ్లీమళ్లీ పొట్టను మెల్లగా నొక్కి చూస్తాడు, ఎందుకంటే మెత్తగా ఉన్న పొట్ట గట్టిపడిందన్న తేడా యంత్రం కంటే ముందు చేతికే తెలుస్తుంది. నొప్పికి పారాసిటమాల్ ఇస్తారు. నెత్తురు గడ్డకట్టడాన్ని దెబ్బతీసే ఆస్పిరిన్ వంటి మాత్రలకు దూరంగా ఉంటారు.

గంటగంటకూ రాసే ఆ కాగితంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది నాడి. ఇరవై కిలోల పిల్లవాడి ఒంట్లో ఉండే రక్తం మొత్తం ఒకటిన్నర లీటరుకు కాస్త అటూ ఇటూ. అందులో పావు వంతు పోయినా అతని శరీరం గుండె వేగం పెంచుకుని, చేతులూ కాళ్లలోని రక్తనాళాలు బిగించుకుని రక్తపోటును పడిపోకుండా పట్టి ఉంచగలదు. అందుకే రక్తపోటు బాగానే ఉందని ఊరట చెందడం పిల్లల విషయంలో ప్రమాదకరం. నాడి వేగం పెరగడం, అరికాళ్లు చల్లబడటం, అకారణమైన చిరాకు, ఆ తరువాత మగత, ఇవి ముందుగా వస్తాయి. రక్తపోటు తగ్గేది చివరి ఘట్టంలో. ఎడమ భుజంలో నొప్పి అని పిల్లవాడు చెబితే అది కూడా పొట్టకు సంబంధించిన సూచనే కావచ్చు, ఎందుకంటే పొట్టలో చేరిన నెత్తురు ఊపిరితిత్తుల కింది కండర పొరను తాకినప్పుడు ఆ బాధ భుజంలో ఉన్నట్టు తోస్తుంది.

హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గితేనో, రక్తం పోయిన లక్షణాలు కనిపిస్తేనో రక్తం ఎక్కిస్తారు. కిలోకు 40 మిల్లీలీటర్ల దాకా, అంటే ఇరవై కిలోల పిల్లవాడికి 800 మిల్లీలీటర్ల దాకా ఎక్కించినా నిలకడ రాకపోతే, కనిపెట్టి ఉండే దశ ముగిసిందని, శస్త్రచికిత్స బల్ల మీదికి తీసుకుపోవాలని వైద్యులు నిర్ణయిస్తారు. పేగు చిల్లుపడిన లక్షణాలు కనిపించినా అంతే. ఎంపిక చేసిన కొద్దిమంది పిల్లల్లో, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి కారుతున్న నాళాన్ని మూసే పద్ధతి ఉంది గాని, దానికి కావలసిన యంత్రాలు, నిపుణులు పెద్ద నగరాల్లోనే దొరుకుతారు. పిల్లల్లో దాని అవసరం కూడా అరుదు. పొట్ట తెరవక తప్పనప్పుడు సైతం వీలైతే చీలికను కుట్టడమో, పాడైన భాగాన్ని మాత్రమే తీయడమో చేసి కొంతైనా ప్లీహాన్ని మిగల్చాలన్నది నేటి నియమం.

ఆపరేషన్ చేయకుండా వైద్యం చేయాలంటే ఆపరేషన్ చేయగల ఏర్పాటు అందుబాటులో ఉండాలన్నది దీన్నిబట్టి అర్థమవుతుంది. రాత్రి రెండు గంటలకు కూడా నాడి చూసి రాసే నర్సు, ఫోను చేస్తే వచ్చే శస్త్రవైద్యుడు, మత్తు వైద్యుడు, అదే ఆవరణలో రక్తం, ఈ నాలుగూ లేనిచోట పిల్లవాడిని పడుకోబెట్టి చూడటాన్ని వైద్యం అనడం సరికాదు, అది అదృష్టం మీద భారం వేయడమే. భద్రాచలం ఏరియా ఆసుపత్రి మీద ఈ విషయంలో పడే బరువు చాలా పెద్దది. చర్ల, దుమ్ముగూడెం మండలాల గూడేలతో పాటు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం మండలాల వారూ, సరిహద్దుకు అవతలి ఛత్తీస్‌గఢ్ ఊళ్లవారూ వైద్యానికి వచ్చేది అక్కడికే. అక్కడినుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు, ఖమ్మం సుమారు 120, హైదరాబాద్ 300 పైచిలుకు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలు కావడం వల్ల ఈ దూరం కొంత తగ్గే అవకాశం వచ్చింది. అంతకు ముందు ఈ ప్రాంతానికి ప్రభుత్వ బోధనాసుపత్రి అంటే వరంగల్ ఎం.జి.ఎం., కాకపోతే హైదరాబాద్.

దూరం కిలోమీటర్లలో కనిపించేది కొంతే. వాగు అవతలి గూడెంలో దెబ్బ తగిలిన పిల్లవాడు డోలీ మీదనో, ద్విచక్ర వాహనం మీద ఇద్దరి మధ్య కూర్చునో 108 అంబులెన్సు నిలిచే చోటికి రావాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన రోజుల్లో వంతెన మీద రాకపోకలే ఆపివేశారు. అటువంటి రోజున అవతలి ఒడ్డుకు పంపాల్సిన పిల్లవాడి సంగతి ఏమిటన్న ప్రశ్నకు ముందే జవాబు రాసి పెట్టుకోవాల్సిన జిల్లా ఇది. ఎప్పుడు పంపాలన్న నిర్ణయం కూడా సులభం కాదు. తొందరపడి పంపితే గతుకుల రోడ్డు మీద, వైద్యుడు లేని బండిలో, పరిస్థితి విషమించవచ్చు. తాత్సారం చేస్తే చేయి దాటిపోవచ్చు. రక్తం ఎక్కించడం మొదలుపెట్టి, నాడి కొంత కుదుటపడ్డాక, వెంట పంపే చీటీలో ఎంత సెలైన్, ఎంత రక్తం ఎక్కించిందీ రాసి, అవతలి ఆసుపత్రికి ఫోను చేసి పంపడం మంచి పద్ధతి. కొండ మీది కుటుంబాన్ని మూడు వందల కిలోమీటర్ల అవతలి నగరానికి తరలించకుండా, వీలైనన్ని గాయాలను భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మంలలోనే కనిపెట్టి చూడగలిగేలా రక్తాన్నీ నర్సులనూ సమకూర్చడం, కొత్త యంత్రాలు కొనడం కంటే ముందు జరగాల్సిన పని.

ఆసుపత్రికి చేరేలోపు ఇంట్లో జరిగే కొన్ని పనులు గాయాన్ని పెంచుతాయి. చెట్టు మీంచి పడ్డ పిల్లవాడి పొట్టకు నూనె రాసి మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం, నొప్పి తగ్గుతుందని పసరు తాగించడం ఇటువంటివే. మర్దన చేస్తే అప్పుడే కట్టిన నెత్తురు గడ్డ కదిలిపోతుంది. కడుపు నిండుగా ఉంటే మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. దెబ్బ తగిలిన కాసేపటికి లేచి ఆడుకున్నాడు కదా అని వదిలేయడమూ అంతే; నెత్తురు నెమ్మదిగా కారే గాయాల్లో మొదటి గంట రెండు గంటలు పిల్లవాడు మామూలుగానే కనిపిస్తాడు.

మలేరియాతో ఉబ్బిన ప్లీహం పగిలినప్పుడు కూడా, పిల్లవాడు నిలకడగా ఉంటే, మలేరియాకు మందు ఇస్తూ కనిపెట్టి ఉండటమే మొదటి ఎంపిక. కొన్నిసార్లు దెబ్బేమీ తగలకుండానే, జ్వరం మధ్యలోనే, అది పగలడం కద్దు. అందువల్ల ఈ ప్రాంతంలో ఎడమవైపు కడుపునొప్పితో, పాలిపోయి, జ్వరంతో వచ్చిన పిల్లవాడికి దెబ్బ తగిలిందా అన్న ప్రశ్నతో పాటు మలేరియా పరీక్షా చేయాలి. గిరిజన కుటుంబాల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధి, అంటే ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే జన్యువ్యాధి, మరొక చిక్కు. చిన్న వయసులో ఈ పిల్లల ప్లీహంలో ఒక్కసారిగా రక్తం నిలిచిపోయి ఉబ్బవచ్చు. పెరిగే కొద్దీ అది ఎండిపోయి ఉన్నా లేనట్టే అవుతుంది. ఈ వ్యాధిని గుర్తించే జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది.

ఆపరేషన్ లేకుండా కోలుకున్న పిల్లవాడిని ఇంటికి పంపాక జాగ్రత్త అంతా ఆటల విషయంలోనే. గాయం గ్రేడుకు రెండు కలిపితే వచ్చే సంఖ్యే విశ్రాంతి వారాలు: మూడవ గ్రేడు గాయమైతే అయిదు వారాలు సైకిల్, కబడ్డీ, చెట్లెక్కడం, ఈత బంద్. బడికి వెళ్లవచ్చు, నడవవచ్చు, అన్నీ తినవచ్చు. నొప్పి, కొత్తగా పాలిపోవడం వంటి లక్షణాలేవీ లేకపోతే మళ్లీ స్కాన్ చేయించాల్సిన పని సాధారణంగా ఉండదు. కొన్ని రోజుల తరువాత మళ్లీ రక్తస్రావం కావడం పిల్లల్లో చాలా అరుదు గాని, పొట్టనొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకూడదు.

ప్లీహం తీసివేయక తప్పని పిల్లల విషయంలో జాగ్రత్త జీవితకాలానిది. న్యూమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచిత టీకాల పట్టికలో ఉంది, హీమోఫిలస్ టీకా పెంటావాలెంట్‌లో కలిసి ఉంది. మెనింగోకాకస్ టీకా మాత్రం ఆ పట్టికలో లేదు, విడిగా వేయించుకోవాలి. అత్యవసరంగా ఆపరేషన్ జరిగితే రెండు వారాల తరువాత ఈ టీకాలు వేయడం మేలంటారు. చిన్న పిల్లలకు కొన్నేళ్లపాటు రోజూ పెన్సిలిన్ ఇస్తారు. దోమతెర ఈ పిల్లలకు మందుతో సమానం. కుక్క కరిస్తే, ఒక్క రేబిస్ టీకాతో సరిపెట్టుకోకుండా, ప్లీహం లేదన్న సంగతి వైద్యుడికి చెప్పాలి. కుక్క నోట్లో మామూలుగా ఉండే ఒక బ్యాక్టీరియా వీరికి ప్రాణాంతకం కాగలదు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఈ గూడేల పిల్లల్లో చాలామంది ఇల్లు విడిచి గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకుంటారు. డిశ్చార్జి కాగితం మాత్రం ఊళ్లో ఇంటి చూరులోనో, ట్రంకు పెట్టెలోనో ఉండిపోతుంది. తల్లిదండ్రులు ఆ కాగితానికి నకళ్లు తీయించి ఒకటి వార్డెనుకు, ఒకటి ఊరి ఆశ కార్యకర్తకు ఇవ్వాలి. గాయం మానుతున్న పిల్లవాడైతే ఏ తేదీ వరకు ఆటలు వద్దో, ప్లీహం తీసిన పిల్లవాడైతే జ్వరం వస్తే ఏం చేయాలో, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వమని వైద్యుడిని అడగాలి.